డోలీ దిగాక తల్లి సంగతి ఎవరడిగారు?

డోలీ ఫోటో షేర్ చేయని వాళ్ళు మనలో ఉండరు. పాడేరు దిక్కు నుంచో, ఆసిఫాబాద్ దిక్కు నుంచో వస్తది. భుజాల మీద కర్ర, కర్రకు కట్టిన దుప్పటి, దుప్పటిలో నొప్పులు పడుతున్న తల్లి, ముందర పొంగుతున్న వాగు. రోడ్డేది, అంబులెన్సేది, ఐటీడీఏ ఏం చేస్తోంది అని రాస్తాం. రాయాల్సిందే. రెండ్రోజులకు తల్లీబిడ్డా క్షేమం అని తెలుస్తది. అంతే, ఆ తల్లి మన ఫోన్లలోంచి వెళ్ళిపోతుంది.

ఆ తర్వాత ఆమె ఒంట్లో ఏం మిగిలిందో రాయాలనిపించింది. గంటల తరబడి నొప్పులు పడి, కాన్పయిన వారానికే నీళ్ళ బిందె ఎత్తుకుని, నెల తిరక్కుండా కట్టెల మోపు తలకెత్తుకునే తల్లులు మన గూడేల్లో, పెంటల్లో, తండాల్లో ఎంతమంది? వాళ్ళలో చాలామందికి వచ్చేదీ, ఎవరికీ చెప్పుకోనిదీ ఒకటుంది. గర్భసంచి జారడం.

"ఇది ఆడోళ్ళ ముచ్చట గదా అక్కా, ఉద్యమం పేజీల ఎందుకు?" అనే తమ్ముళ్ళుంటారు. ఆ తమ్ముళ్ళు చదవాలనే ఇక్కడ రాస్తున్నా.

నేనుండేది హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో. ఓల్డ్ సిటీలో అడవి బిడ్డల ముచ్చట ఏముంటది అనుకోకండి. ఇక్కడి చౌరస్తా నుంచి పహాడీషరీఫ్ మీదుగా పోయేదే శ్రీశైలం రోడ్డు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి అచ్చంపేట, మన్ననూరు పోతే నల్లమల. వానలు లేని ఏడు, తండాల నుంచి, అడవి అంచు ఊర్ల నుంచి మనవాళ్ళు దిగేది ఈ రోడ్డు మీదనే. బండ్లగూడ, ఎర్రకుంట, పహాడీషరీఫ్ చుట్టూ ఇళ్ళు లేస్తూనే ఉంటాయి. మేస్త్రీ పని మగాళ్ళది. తట్ట మోసే పని ఆడవాళ్ళది.

అట్లాంటి ఒక బిల్డింగు దగ్గర మా దిక్కు పెద్దమ్మ ఒకామె ప్రతి రెండు తట్టలకు ఒకసారి గోడకు ఆనుకుని కూర్చుంటోంది. నడుము నొప్పా పెద్దమ్మా అని అడిగితే చుట్టూ చూసి మెల్లగా చెప్పింది. "కిందికి ఏదో జారినట్టుంటది బిడ్డా. గుడ్డ బిగించి కట్టుకుంటే పనైతది. పొద్దుమీకి పండుకుంటే లోపలికి పోతది." ఎన్నాళ్ళ నుంచి అంటే, "చిన్నోడు పుట్టినప్పటి సంది" అంది. ఆ చిన్నోడు అదే సైటులో రాడ్ బెండింగు పని చేస్తున్నాడు. అంటే ఇరవై ఏళ్ళ పైమాటే. ఆ ఇరవై ఏళ్ళలో ఆమెను ఎవరూ పరీక్ష చేయలేదు. మొగుడికి తెలుసు. బిడ్డకు తెలియదు.

అసలు ఏం జారుతుందో చెప్పుకుందాం. నులక మంచం తెలుసు కదా. మన పొత్తికడుపు అడుగున, ముందర ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, కండరాలు నులక అల్లినట్టు పరుచుకుని ఉంటాయి. దాని మీద ముందు మూత్రసంచి, మధ్యన గర్భసంచి, వెనక మలపేగు చివరి భాగం నిలబడి ఉంటాయి. పక్కల నుంచి తాళ్ళ లాంటి కట్లు కూడా పట్టుకుంటాయి. కాన్పులో బిడ్డ ఆ అల్లిక మధ్య నుంచే బయటికి వస్తుంది కాబట్టి నులక సాగుతుంది, కొన్నిచోట్ల తెగుతుంది. తినడానికి సరిపడా ఉండి, కొన్ని వారాలు బరువెత్తకుండా ఉంటే చాలావరకు మళ్ళీ బిగుసుకుంటుంది. సాగిన నులక మీద వెంటనే బస్తా వేస్తే? మంచం కిందికి దిగుతుంది. ముందువైపు వదులైతే మూత్రసంచి జారుతుంది, వెనకవైపు అయితే మలపేగు, మధ్యన గర్భసంచి. కొందరికి రెండు మూడు కలిపి. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చెబుతారు. మొదట్లో లోపలే కొంచెం దిగుతుంది, ఆడమనిషికి తెలియను కూడా తెలియదు. చివరి దశలో మొత్తం బయటికి వచ్చేస్తుంది, బట్టకు రాసుకుని పుండు పడుతుంది.

సాయంత్రానికి కింద బరువు, నడుములో లాగుడు, దగ్గితే తుమ్మితే మూత్రం పడడం, పోసినా ఇంకా మిగిలినట్టే ఉండడం, చేత్తో లోపలికి నెడితే తప్ప మూత్రమో మలమో రాకపోవడం. ఇవన్నీ దాని గుర్తులే. మన ఆడవాళ్ళు వీటిని జబ్బు అనుకోరు. పిల్లల్ని కన్న ఒళ్ళు ఇట్లనే ఉంటది అనుకుంటారు. మొగుడు పక్కన పండుకోవాలంటే భయం, వద్దంటే తిట్లు. పది మందిలో కూర్చుంటే వాసన వస్తదేమోనని పెండ్లికి పోరు. ఊరి మీటింగుకు రారు. మన సభల్లో ఆడవాళ్ళు తక్కువగా ఉన్నారని మనం తీర్మానాలు రాసుకుంటాం గానీ, రెండు గంటలు కింద కూర్చోలేక రాని వాళ్ళు ఎందరో లెక్క వేయలేదు.

కారణాలు చెప్పమంటే డాక్టర్లు ఎక్కువ కాన్పులు, కష్టమైన కాన్పు, వయసు, బహిష్టు ఆగిపోవడం అంటారు. నిజమే. విడవని దగ్గు, ఎప్పుడూ ఉండే మలబద్ధకం, బరువు మోత కూడా అదే వరుసలో ఉంటాయి. ఈ వరుసను మన ఊర్లలోకి తీసుకొచ్చి చదవండి. పదహారేళ్ళకు పెండ్లి, ఇరవై రెండు వచ్చేసరికి మూడు కాన్పులు. కట్టెల పొయ్యి పొగకు దగ్గు, కొందరికి టీబీ. నెత్తురు తక్కువ. నీళ్ళు దూరం. తునికాకు కట్టలు, ఇప్పపువ్వు గంపలు, కట్టెల మోపులు, పట్నమొస్తే ఇటుకలు. వైద్య పుస్తకం ఒక్కో కారణాన్ని విడివిడిగా రాస్తుంది. మన ఆడమనిషి మీద అవన్నీ ఒకేసారి ఎక్కి కూర్చుంటాయి. అందుకే దీన్ని తలరాత అని గానీ, ఆడజన్మ అని గానీ నేను ఒప్పుకోను. గనిలో పనిచేసినోడి ఊపిరితిత్తులు పాడైతే దాన్ని పని తెచ్చిన జబ్బు అంటాం కదా. ఇదీ అదే లెక్క.

బరువు సంగతి చట్టానికి తెలియక కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. 1998 కేంద్ర నియమాల్లో ఒక మనిషి ఒంటరిగా ఎత్తే బరువుకు హద్దు రాశారు. పెద్ద వయసు మగవాడికి 55 కిలోలు, ఆడమనిషికి 30 కిలోలు. మట్టి ఇటుక ఒక్కటి సుమారు 3 కిలోలు ఉంటది. తట్టలో 10 పెడితేనే 30 అయిపోయింది, తట్ట బరువు లెక్కలో లేదు. తడి ఇసుక అయితే చెప్పనే అక్కర్లేదు. సిమెంటు బస్తా 50 కిలోలు. చాంద్రాయణగుట్ట చుట్టూ ఏ సైటుకైనా పోయి పొద్దున్నే పది నిమిషాలు నిలబడండి, ఆ నియమం ఏ అంతస్తు దాకా ఎక్కిందో కనబడుతుంది. బాలింతకు ఎంత, కాన్పయిన ఎన్నాళ్ళకు ఎంత అనే మాట ఆ హద్దులో లేదు.

ఆఫీసు ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు 2017లో జీతంతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు. మంచిదే. అడ్డా మీద నిలబడే ఆమెకు ఆ సెలవు ఎవరిస్తారు? అదే ఏడాది జూన్‌లో ఓల్డ్ సిటీలోని పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలోనే కేసీఆర్ కిట్ మొదలైంది. మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు, విడతలుగా. కాన్పు రోజుల్లో పోయిన కూలికి బదులు అని చెప్పారు. ఆ డబ్బు చేతికి అందేలోపే ఆమె మళ్ళీ తట్ట ఎత్తితే ఆ బదులుకు అర్థం ఏముంది?

ఇంకో సంగతి. కాన్పయ్యాక ఆశా అక్క ఇంటికి రావాలి. ఆసుపత్రిలో కాన్పయితే 6 సార్లు. 3వ రోజు, 7, 14, 21, 28, చివరకు 42వ రోజు. బిడ్డ బరువు చూస్తుంది, పాలు తాగుతోందా అడుగుతుంది, టీకాలు రాసుకుంటుంది. ఆ 42వ రోజు తల్లిని మూడు మాటలు అడిగితే చాలు. కింద ఏమన్నా జారినట్టుందా? మూత్రం ఆగుతోందా? బరువులెత్తుతున్నావా? ఖర్చు లేని పని ఇది. ఆశా అక్కల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉందని నాకు తెలుసు, వాళ్ళ జీతాల పోరాటంలో మనం కూడా నిలబడాలి. కానీ ఈ మూడు ప్రశ్నలు వాళ్ళ రిజిస్టర్‌లో ఎక్కితేనే ఈ జబ్బు ప్రభుత్వానికి కనబడుతుంది. లెక్కలో లేని నొప్పికి మందు రాదు.

మనకు పొరుగునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ ఈ పని ఎప్పుడో చేసి చూపించారు. రెండు ఊర్లలో 650 మంది ఆడవాళ్ళను పరీక్ష చేసి 1989లో లాన్సెట్ పత్రికలో రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా గైనిక్ పరీక్ష జరిగింది 8 శాతం మందికే. ఆడవాళ్ళ ఆరోగ్యం అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అనుకునే రోజులవి. ప్రాణహిత అవతల అది జరిగింది. ఇవతల మనం ఇంకా మొహమాట పడుతున్నాం.

మొహమాటం పోగొట్టి ఆసుపత్రికి పంపితే చాలా అంటే, చాలదు. అసలు పేచీ అక్కడ మొదలైతది. దాచుకున్నన్నాళ్ళు దాచుకుని చివరికి పోయిన ఆడమనిషికి మన రెండు రాష్ట్రాల్లో తరచుగా దొరికే జవాబు ఒక్కటే. తీసేద్దాం. "పిల్లలయ్యారు కదా, ఇంక అది ఎందుకు? ఉంచితే క్యాన్సర్ అయితది." 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మనమే ముందు! తీయించుకున్న వాళ్ళలో సగం మందికి అప్పటికి 34 ఏళ్ళకు మించలేదు. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులోనే. అన్నీ జారినందుకు చేసినవి కావు, ఎక్కువ భాగం బహిష్టు ఎక్కువైందనో నొప్పి అనో చేసినవి. కానీ "సంచి తీస్తే బాధ తీరుద్ది" అనే ఆలోచన అన్నిటికీ ఒక్కటే. హైదరాబాద్ డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెల్లో ఈ ఆపరేషన్లు ఎట్లా జరుగుతున్నాయో అధ్యయనం చేసి, అవసరం లేని కోతల గురించి ఎప్పటి నుంచో గొంతెత్తుతున్నారు.

గర్భసంచి తీసినంత మాత్రాన వదులైన నులక బిగుసుకోదు. పైన కూర్చున్న వస్తువును తీసేశారు, అల్లిక అట్లనే ఉంది. కట్లు సరిగ్గా సరిచేయకపోతే తర్వాత మిగిలిన భాగం కిందికి దిగుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్ళకే బహిష్టు ఆగిన ఒళ్ళు అవుతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ ముప్పు. ఆ ఒళ్ళుతోనే ఆమె మళ్ళీ తట్ట ఎత్తాలి. ఆపరేషన్ అప్పు తీర్చడానికి.

సర్జరీ వద్దే వద్దు అని నేను అనడం లేదు. బాగా జారి, పుండు పడి, మూత్రం బందయ్యే దశలో ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. గర్భసంచిని ఉంచి పైకి కట్టే పద్ధతులూ ఉన్నాయి. నా కోపం వరుస మీద. చివర చేయాల్సింది మొదలు చేస్తున్నారు, మొదలు చేయాల్సింది చెప్పనే చెప్పరు.

ముందు చెప్పాల్సింది కసరత్తు. మూత్రం మధ్యలో ఆపుకోవాలంటే ఏ కండరం బిగిస్తామో ఆ కండరాన్ని బిగించి, ఐదు లెక్కపెట్టి, వదిలి, మళ్ళీ ఐదు లెక్కపెట్టి బిగించాలి. ఊపిరి బిగబట్టొద్దు, కడుపు, తొడలు బిగించొద్దు. పది సార్లు, పూటకొకసారి, రోజుకు మూడు పూటలు. మెల్లగా పది లెక్కపెట్టే దాకా పెంచాలి. మూత్రం పోసేటప్పుడు ఇది చేయొద్దు, కండరం ఏదో తెలుసుకోవడానికే ఆ గుర్తు. నాలుగు నెలలు విడవకుండా చేస్తే మొదటి దశల్లో ఉన్న చాలామందికి బాధ తగ్గుతుంది. బయటికి వచ్చేసినదాన్ని ఇది లోపలికి తీసుకుపోదు, ఆ ఆశ పెట్టొద్దు.

తర్వాత రింగు. మెత్తటి సిలికాన్ ఉంగరం. లోపల పెడితే జారినదాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఇదేం కొత్త సంగతి కాదు, రెండు వేల ఏళ్ళ కిందట గ్రీకులు దానిమ్మకాయను సగానికి కోసి పెట్టేవారట. రింగు పెట్టుకుని పని చేసుకోవచ్చు, కాపురం చేసుకోవచ్చు. కొన్ని నెలలకోసారి తీసి, కడిగి, లోపల పుండు పడిందేమో చూసి మళ్ళీ పెట్టాలి. "అడవిలో ఉండేవాళ్ళు మళ్ళీ రారు, మర్చిపోతారు, అందుకే రింగు ఇవ్వం" అనే మాట వినబడుతుంటది. వాళ్ళు రారు అంటే మీరే పోవాలి కదా! వేరే దేశాల్లో నర్సులే రింగులు మారుస్తున్నారు. మన ఏఎన్ఎంకు నేర్పిస్తే సబ్ సెంటర్‌లో అయిపోయే పని. చెంచులు, కోలాములు, కొండరెడ్లు, తోటీల కోసమని 2023 నవంబర్‌లో పీఎం జన్‌మన్ మొదలుపెట్టారు, సంచార వైద్య వాహనాలు పెంటల దాకా పోతాయన్నారు. ఆ బండిలో రింగులు, పరీక్షకు ఒక పరదా, ఒక ఆడ నర్సు ఉండాలని అడగడం పెద్ద కోరికా?

జారినదాన్ని ఆపడానికి గుడ్డ ముద్దలు, ఆకు పసర్లు లోపల పెట్టుకునే వాళ్ళున్నారు. దానితో పుండ్లు, చీము వస్తాయి. మన మందుల మీద నాకు గౌరవం ఉంది, కానీ దీనికి అది దారి కాదు. మూత్రం బిగబట్టి రాకపోయినా, పుండు పడినా, నెత్తురు కనబడినా, చెడు వాసనతో నీరు పోతున్నా అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

నేపాల్‌లో ఇదే జబ్బు లక్షల మంది కొండ ఆడవాళ్ళకు ఉంది. బుట్టకు కట్టిన పట్టీ నుదుటికి తగిలించి మోసే ఆడవాళ్ళు. అక్కడ ఒక పిటిషన్ మీద 2008లో సుప్రీంకోర్టు, ఈ జబ్బుతో ఆడవాళ్ళను ఇట్లా వదిలేయడం వాళ్ళ పునరుత్పత్తి హక్కును కాలరాయడమే అని తేల్చింది. ఒక ఒంటి నొప్పి అట్లా రాజ్యాంగ హక్కు ప్రశ్న అయింది. అయితే ఆ తర్వాత ప్రభుత్వం ఎక్కువగా ఆపరేషన్ క్యాంపుల మీద పడింది. అసలు జారకుండా ఏం చేశారని 2014లో ఆమ్నెస్టీ నిలదీసింది. చిన్నప్పటి పెండ్లి, కాన్పు తర్వాత మోత, ఇంట్లో ఆడమనిషి మాటకు విలువ లేకపోవడం, అవి అట్లనే ఉన్నాయి. మనం మొదలుపెట్టేటప్పుడు ఆ అనుభవం మతిలో ఉండాలి. మెగా హెల్త్ క్యాంపు పెట్టించి, వంద ఆపరేషన్లు చేయించి, బ్యానర్ కింద ఫోటో దిగితే మళ్ళీ అదే అయితది.

మన దగ్గర పట్టుకోవడానికి ఒక కొస ఉంది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద ఆడవాళ్ళకు అవసరం లేకుండా గర్భసంచులు తీసేశారని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలంది. ఆ మార్గదర్శకాల ప్రకారం ఈ ఆపరేషన్ల మీద కన్నేసి ఉంచడానికి జిల్లా స్థాయిలో కమిటీ ఉండాలి.

ఇక్కడి బస్తీలో నేను చూసింది ఇంకొకటి చెప్పాలి. మా గల్లీలో ఉర్దూ మాట్లాడే ఖాలాలతో ఈ ముచ్చట తీస్తే, "బచ్చేదానీ" అనే మాట రాగానే పదిమంది దగ్గరికి జరిగారు. వాళ్ళవీ అవే కాన్పులు, అదే నెత్తురు తక్కువ, అదే సిగ్గు. బస్తీ దవాఖానాకు కలిసి పోదాం అన్నారు. ఈ ఓల్డ్ సిటీలో మన వాళ్ళకు తోడు ఎవరూ లేరని అనుకోవడం మానేయొచ్చు.

తమ్ముళ్ళకు మళ్ళీ చెబుతున్నా. ఇంట్లో కాన్పయితే ఆరు వారాలు నీళ్ళు, కట్టెలు మీరు మోయండి. అమ్మను అడగడానికి సిగ్గయితే అక్కతోనో వదినతోనో అడిగించండి. పట్నంలో ఉంటే పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి, మన దిక్కయితే దగ్గరి ఏరియా ఆసుపత్రికి తోడుపోండి. లోపలికి పోయేటప్పుడు ఆమెతో ఒక ఆడమనిషి ఉండేలా చూడండి. "తీసేద్దాం" అంటే, రింగు పెట్టొచ్చా, కసరత్తుతో తగ్గుతుందా, ఎన్నో దశ, రాసివ్వండి అని మర్యాదగా అడగండి. ఇంకో డాక్టర్‌కు చూపించకుండా సంతకం పెట్టొద్దు.

ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళకు ఇంకో పని. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి పేరున, ఎవరి జిల్లాలో వాళ్ళు వేయొచ్చు. నేను రాసుకున్న ప్రశ్నలు ఇవి, తీసుకుని వాడుకోండి: మా జిల్లాలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్ల పర్యవేక్షణ కమిటీ వేశారా, ఏ తేదీన వేశారు, ఎన్నిసార్లు కూర్చుంది? అందులో ఆదివాసీ మహిళ ఉందా? గత మూడేళ్ళలో 40 ఏళ్ళ లోపు ఎస్టీ మహిళలకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయి, అందులో ప్రైవేటులో ఎన్ని? జిల్లాలోని పీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రుల్లో పెసరీ రింగులు ఏ సైజులవి, ఎన్ని స్టాకులో ఉన్నాయి? వాటిని పెట్టడంలో ఎంతమంది నర్సులకు, ఏఎన్ఎంలకు శిక్షణ ఇచ్చారు?